కిరాయి కొట్టంలో పురుడు

1948 ఎండాకాలంలో రజాకార్ల భయానికి ఊరు విడిచాం. వెనుక మా ఇల్లు కాలిపోయింది. నల్గొండలో మాకు దొరికింది ఒక ఇంటి పెరట్లోని పశువుల కొట్టం. ఊళ్ళకు ఊళ్ళు పట్నానికి వచ్చిపడుతున్న రోజులు. గొడ్లను ఆరుబయట కట్టేసి మనుషులను కొట్టంలో పెడితే ఎక్కువ గిట్టుబాటని ఇంటామె కనిపెట్టింది. పేడ వాసన పోకముందే మా దగ్గర నెల కిరాయి తీసుకుంది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి రజాకార్లను అణచింది. అందరూ ఊళ్ళకు మళ్ళుతున్నారు. మా ఇంటికి మొండిగోడలే తప్ప కప్పు లేదు కనుక మేము కదలలేదు. కార్తీకంలో అమ్మకు నెలలు నిండాయి. ఒక పొద్దున ఇంటామె వచ్చి కొట్టం ముందు నిలబడింది.

“పరాయోళ్ల పురుడు నా జాగల కావద్దు. మాకు మైల. ఇయ్యాల్నే ఎల్లిపోండ్రి.”

“గీ కడుపుతోని ఏడికి పోవాలె, పటేలమ్మా?” అంది అమ్మ.

“గది నన్నడుగుతవా? కడుపు తెచ్చుకున్ననాడు అడిగినవా?”

బాపు బండి తెచ్చి సామాను ఎక్కించాడు. బండి వాకిలి దాటుతుండగానే అమ్మకు నొప్పులొచ్చాయి. లోపలికి తీసుకుపోదామంటే ఇంటామె తలుపు గడియ వేసుకుంది. బండి చుట్టూ గోనెపట్టాలు కట్టి, ఆ గడప ఎదురుగానే, బాపు పిలుచుకొచ్చిన మంత్రసాని పురుడు పోసింది. ఆడపిల్ల.

పెరట్లో వద్దన్న మైల వాకిట్లోకి వచ్చింది. ఇక ఆ ఇంట్లోవాళ్ళు ఎవరు బయటికి రావాలన్నా బాలింతను రాసుకుంటూ రావాలి. ఇంటామె గడియ తీసి, బండి తియ్యమని అరిచింది.

“పచ్చి బాలింత. కదిలిస్తె పానం పోతది. నీకంత తొందరుంటె గోడ దుంకి పో,” అంది మంత్రసాని.

బజారంతా నవ్వింది. పొద్దుగూకే వేళకు ఇంటామె కాస్త దిగొచ్చింది.

“సరె, కొట్టంలకే పోండి. కాని పురుటి కిరాయి ఏరె.”

“బజారుకు కిరాయి లేదు. ఈడనే ఉంట,” అంది అమ్మ.

చలి మొదలైంది. పసిదాని పెదవులు నీలంగా మారుతున్నాయి. అమ్మ దాన్ని ఎదకు అదుముకుంది కానీ ఇంటామె మీది నుంచి చూపు తిప్పలేదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. చివరికి ఇంటామే కిరాయి మాట మింగి దారి ఇచ్చింది. చెల్లెలు బతికింది.

ఇరవయ్యొకటో రోజు అమ్మకు నీళ్ళు పోశాక మొండిగోడల మీద తాటాకులు కప్పుకుందామని ఊరికి బయలుదేరాం. మేము ఇంకా బండి ఎక్కనే లేదు, కొట్టానికి సున్నం వేస్తున్నారు. బయట మాలాగే ఇల్లు కాలిన మరో కుటుంబం మూటలతో కాచుకుని ఉంది. ఇంటామె కిరాయి సంగతి ఎత్తలేదు. ముందు ఆ ఇల్లాలి పొట్టవైపు చూసింది.

“నీకు నెల తప్పిందా?”