లైన్లో మొదటి బిందె

మా కుళాయి అత్త పోయింది. ఆ కబురు నాకు ఫోన్లో రాలేదు, ఎవరూ వచ్చి చెప్పలేదు. పొద్దున్నే నీళ్లకు వెళ్తే లైన్లో మొదటి చోటు ఖాళీగా ఉంది. సొట్టలు పడ్డ సత్తు బిందె ఉండాల్సిన చోటది. నేను ఈ ఖిదిర్‌పూర్ క్వార్టర్లకు వచ్చినప్పటి నుంచి ఆ చోటు ఖాళీగా ఉండగా చూడలేదు. లైన్లో ఉన్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇలాంటప్పుడు ఏం చేయాలో నేర్పింది ఆవిడే కాబట్టి, ఒక నిండు బిందె ఎత్తుకుని ఆవిడ గుమ్మానికి వెళ్లాం. తలుపు ఓరగా వేసి ఉంది. నిద్రలోనే పోయింది. మంచం పక్కన సగం కాల్చిన చుట్ట, అగ్గిపెట్టె, తోమి బోర్లించిన ఆ బిందె ఉన్నాయి.

మా సంగతి తెలియని పాఠకులకు కాస్త చెప్పాలి. ఈ బెంగాలీ నగరంలో రేవు వెనక ఉన్న మా క్వార్టర్లలో కార్పొరేషన్ పారిశుధ్య పనివాళ్లు ఉంటారు. ఎక్కువమంది తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. అందరికీ నీళ్లిచ్చేది వీధి కుళాయే. నీళ్లు రాకముందే ఎవరి బిందె వాళ్లు లైన్లో పెట్టి, ఇంటికెళ్లి పని చూసుకుంటారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే, దాన్ని ఎవరూ జరపరు. మగవాళ్లు తాగి తన్నుకున్న రోజున కూడా ఆ లైను చెదరదు.

అత్త ఆ ఏరియా అంతా ఊడ్చి రిటైరైన మనిషి. అయినా అందరికంటే ముందు లేచి బిందె పెట్టి, కుళాయి గట్టు మీద కూర్చుని అడ్డపొగ వేసుకునేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడమన్నమాట. మా వైపు ఆడవాళ్లకు అలవాటే కానీ, బెంగాలీ పిల్లలు ఆగి మరీ చూసేవారు. ఆవిడ చూపు మాత్రం బిందెల మీదే. ఏ ఇంటి ఇల్లాలి బిందె అయినా కనబడకపోతే, తన బిందె నింపుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్లేది. బిందె గుమ్మంలో దించి, “నీ బింది ఏదే?” అని అడిగేది. ఇంకే ప్రశ్నా ఉండేది కాదు. తలుపు తీసి మనిషి మొహం చూపించేదాకా బిందె ఎత్తేది కాదు, అక్కణ్ణుంచి కదిలేది కాదు.

చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. జ్వరమో, ఊరికి వెళ్లడమో, మొద్దునిద్రో. “ఊరికే తిరిగావు కదత్తా” అని మేం ఆటపట్టించేవాళ్లం.

“ఊరకే తిరిగొచ్చినానంటే, అంతకన్నా ఏటి కావాలే” అనేది.

ఆవిడ ఊరికే తిరిగి రాని ఒక రోజున నాకు దగ్గరైంది.

పెళ్లయిన కొత్తలోనే నా భర్త నన్ను షాలిమార్ స్టేషన్లో దింపి ఇక్కడికి తీసుకొచ్చాడు. రేవు గోదాముల్లో కాంట్రాక్టరు కింద పని. క్వార్టర్లలో దూరపు బంధువుల దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నా ఫోను అతని జేబులో ఉండేది. కొట్టడం ఏ రోజు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ముందు మాట, తర్వాత చెయ్యి, ఆ తర్వాత చేతికి ఏది దొరికితే అది. “ఇక్కడ నీకెవలు తెలుసు? నీ మాట ఎవుడికి అర్థమవుద్ది?” అనేవాడు. దెబ్బల కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా అణిచేసింది, ఎందుకంటే అది నిజమని నమ్మాను. ఇంటర్ దాకా చదివి, బళ్లో వక్తృత్వపు పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న నోరు నాది. ఈ ఊరొచ్చాక వంకాయలు బేరమాడడానికి కూడా పనికి రాలేదు.

ఆ పొద్దున అతను బయట తాళం వేసుకుని పనికి వెళ్లిపోయాడు. నా బిందె లోపలే ఉండిపోయింది. కాసేపటికి కిటికీలోంచి ముందు చుట్ట వాసన వచ్చింది, తర్వాత అత్త మొహం కనిపించింది.

“నీ బింది ఏదే?”

“ఒంట్లో బాగోలేదత్తా.”

“నీకు బాగోనేదు, సరే. బిందికేటైంది?”

వాచిన చేతిని కొంగు కింద దాచుకుని ఏడ్చేశాను. ఆవిడ తాళం వైపు చూసింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. నిండు బిందె గుమ్మం ముందు దించి, పక్కనే చతికిలబడి చుట్ట మళ్లీ ముట్టించింది. నీళ్లు తీసుకుని ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. ఒకామె బిందె దించింది, ఇంకొకామె దించింది. కాసేపటికి మా గుమ్మం ముందు ఇంకో లైను తయారైంది. ఎవరో వెళ్లి రేవు నుంచి అతన్ని పిలుచుకొచ్చారు. అంతమంది చూస్తుంటే అతను ఏమీ అనలేక తాళం తీశాడు.

అత్త నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే అతనూ వచ్చాడు, మొగుణ్ణి కదా అంటూ. అక్కడ డాక్టరు బెంగాలీలో ఏదో అడిగాడు. దెబ్బ తగిలిందని మాత్రం నేను నేల చూపులు చూస్తూ తెలుగులో గొణిగాను. దాన్ని నా భర్త బెంగాలీలో చెప్పాడు. అవును పాఠకులారా, నన్ను కొట్టినవాడే నా మాటను డాక్టరుకు అందిస్తున్నాడు. పరాయి ఊళ్లో మాలాంటివాళ్లకు జరిగే పొరపాటు ఇదే. భాష వచ్చినవాడు ఇంట్లో ఒక్కడే ఉంటాడు, అతన్నే వెంట తీసుకెళ్తాం. డాక్టరు తల ఊపి కలం తీశాడు.

అత్త తల ఒక పక్కకు తిప్పి వింటోంది. అలా వినడం ఆవిడ అలవాటు. గొంతు పెంచలేదు, అతన్ని తిట్టలేదు. నావైపు తిరిగింది.

“ఒలే గుంటా, నువ్వు కుళాయి కాడ జారిపడ్డావని ఈడు సెప్తన్నాడు. పడ్డావేటి?”

అతను నన్నే చూస్తున్నాడు. అక్కడ అవునన్నానంటే మళ్లీ ఆ గదికే, ఆ తాళం వెనక్కే. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది.

“లేదు. కర్రతో కొట్టాడు.”

అత్త ఆ ముక్కనే బెంగాలీలో డాక్టరుకు చెప్పింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. డాక్టరు నా భర్తను బయటికి పంపి, మళ్లీ మొదటినుంచి అడిగాడు. తర్వాత ఎప్పుడో నేను అడిగాను, నీకు తెలుసు కదత్తా, నువ్వే చెప్పేయొచ్చు కదా అని.

“మోసుకెల్లడానికి నానున్నాను. నింపాల్సింది నువ్వే కదే” అంది.

అక్కడినుంచే పోలీస్ స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. వరండాలో అత్త చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకునేసరికి, ఫిర్యాదు రాసుకుంటున్న ఆడ పోలీసు రాయడం ఆపి, పిన్నిని పిలిచినట్టు “మాషి, నోరు కాలదా” అని అడిగింది. వచ్చిన దగ్గర్నుంచి నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. దెబ్బతిన్న పెదవి నొప్పి పుట్టినా నవ్వాను.

సాయంత్రం క్వార్టర్ల పెద్దాయన అందరినీ పిలిపించాడు. “మన గొడవలు మనలోనే తేల్సుకోవాల. టేసనుకెల్తే మన పరువేటవుద్ది?” అన్నాడు. ఆయన భార్య వెనక గుమ్మంలో తల దించుకుని నిలబడి ఉంది. నన్ను ఆ గదికే వెనక్కి పంపించేస్తారనుకున్నాను.

అత్త లేచి తన ఎడమ చెవి మీద చెయ్యి వేసింది. “నా అప్పుడూ ఇలగే తేల్సినారు. మీ అయ్యే తేల్సినాడు. ఆ రేతిరే ఈ సెవి పోయింది. నా బింది లైన్లో నేదని ఎవలూ అడగనేదు” అంది.

ఆవిడ తల తిప్పి వినేది శ్రద్ధతో అనుకునేదాన్ని. ఒక చెవి పని చేయక అలా తిప్పేదని అప్పుడు తెలిసింది. ఆవిడా ఒకప్పుడు నాలాగే భాష రాని కొత్త కోడలిగా ఈ ఊళ్లో దిగింది. ఆవిడ మాట మోసేవాళ్లు లేకపోయారు. నేను ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. కేసు చాలాకాలం సాగింది, నేను బతకడం మాత్రం ఆ సాయంత్రం అత్త గదిలోనే మొదలైంది.

సంతాప సభలో అందరూ ఆవిణ్ణి దేవత అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ దేవత ఏమిటి, చుట్టలు మానేశానని డాక్టరుకు చెప్పి బియ్యం డబ్బాలో దాచుకునే మనిషి. టీవీ సీరియల్ పెద్ద సౌండుతో పెట్టి, పక్కింటివాళ్లు తలుపు కొడితే ఆ చెవిటి చెవి చూపించేది. టీలో చక్కెర వేయమంటే ప్రాణం పోయినట్టు చూసేది. నాకు బెంగాలీ నేర్పింది ఆవిడే. ముందు తిట్లతో మొదలుపెట్టింది కాబట్టి నేను మొదట మాట్లాడిన చేపల దుకాణం ఆయన చాలాకాలం నాకు దణ్ణం పెట్టేవాడు. ఇలాంటి మనిషి చేసింది కాబట్టే మేమూ చేయగలం అనిపిస్తుంది. దేవతను చేస్తే ఆ పని ఇంకెవరూ ముట్టుకోరు.

ఇప్పుడు నాకు వేరే గది ఉంది, నా ఉద్యోగం కూడా ఆవిడ చేసిన పనే. ఒక ఆడవాళ్ల సంస్థ తరఫున దెబ్బలు తిన్నవాళ్ల వెంట ఆస్పత్రికీ స్టేషనుకూ వెళ్లి, వాళ్ల మాట అక్కడివాళ్లకు చెప్తాను. ఒకసారి మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేసే ఒక అమ్మాయి కోసం అత్తను వెంటబెట్టుకెళ్లాను. సొంత ఊరు తగలబడితే సరిహద్దు దాటి వచ్చిన పిల్ల, ఇక్కడ ఆశ్రయమిచ్చినవాడి చేతుల్లో నలిగిపోయింది. ఆమె భాష మాకు సరిగ్గా అందలేదు. ఆ ఆశ్రయమిచ్చినవాడే నేను చెప్తానని ముందుకొచ్చాడు. అత్త అడ్డంగా నిలబడింది. ఆమె భాష తెలిసిన ఇంకో ఆడమనిషి దొరికేదాకా పొద్దంతా ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాం. నేను విసుక్కుంటే, “రోజూ నీల్లకోసం నిలబడతన్నాం, మాట కోసం నిలబడలేమేటి” అంది. ఆ అమ్మాయి ఇప్పుడు అదే పేటలో వేరే గదిలో ఉండి, సొంత మిషను మీద కుడుతోంది. అత్త పోయిందని తెలిసి వచ్చి, ఆ మంచం దగ్గర నాకంటే ఎక్కువసేపు కూర్చుంది.

వేరేచోట ఉండే అత్త కొడుకు వచ్చి ఆ సత్తు బిందెను పాత సామాన్లవాడికి వేయబోతుంటే పెద్దాయన భార్య అడిగి తీసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాటి నుంచి దాన్ని లైను మధ్యలో తన చోట్లో పెట్టుకుంటోంది. మొదటి చోటు మాత్రం అలాగే వదిలేశారు. అది చూసినప్పుడల్లా నాకు భయం వేసేది. చోటు వదిలారు సరే, లైను చూసేదెవరు?

పోయిన వారం ఒక పొద్దున నేను వెళ్లేసరికి, ఈమధ్యే ఊరినుంచి వచ్చిన కొత్త కోడలి ఆకుపచ్చ బకెట్టు లైన్లో లేదు. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన భార్య సొట్టల బిందె నింపి చంకనెత్తింది. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కదిలారు, నేనూ కదిలాను. గుమ్మంలో బిందె దించి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆ మనిషి తలుపు కొట్టింది.

“నీ బకెట్టు ఏదే?”

తలుపు తెరుచుకుంది. చెదిరిన జుట్టుతో, చెంప మీద తలగడ ముడతల అచ్చుతో ఆ అమ్మాయి నిలబడింది. వెనక ఆమె భర్త పళ్లు తోముకుంటూ నోట్లో బ్రష్షుతోనే బిత్తరపోయి చూస్తున్నాడు.

“నిద్దరట్టేసిందత్తా” అంది సిగ్గుపడుతూ.

పెద్దాయన భార్య తొందరపడలేదు. ఆ పిల్ల మొహం చూసింది, చేతులు చూసింది, కళ్లలోకి చూసింది. తర్వాత నవ్వింది.

“ఊరకే వొచ్చినాం. అంతకన్నా ఏటి కావాల” అని బకెట్టు తెప్పించి, బిందెలో నీళ్లు అందులో పోసింది. ఖాళీ బిందెను మళ్లీ చంకనెత్తుకుని కుళాయి దగ్గరికి నడిచింది. తన చోటు దాటి ఇంకా ముందుకు వెళ్లి, ఆ సొట్టల బిందెను మొదటి చోట్లో పెట్టింది.