ముత్తక్క ఒప్పుకోని వెట్టి

మొదటి వాన పడగానే మా ఇనుప గనుల ఊరు బచేలీలో తడిసిన ఇనుము వాసన లేస్తుంది. మిగతా లోకానికి తొలకరి అంటే మట్టి పరిమళం. మాకు మాత్రం ఎవరో తుప్పు పట్టిన బకెట్టు తెచ్చి ముక్కు దగ్గర పెట్టినట్టుంటుంది. మొన్న ఆఫీసులో ఆ వాసన కిటికీలోంచి వస్తుండగా పక్క సీటు కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, "బానిస బతుకైపోయింది అన్నా" అని నిట్టూర్చాడు. అప్పటికి టైము ఉదయం పదకొండు. వాడు తాగినవి రెండు టీలు, చేసినది ఒక సంతకం. నాకు వెంటనే ముత్తక్క గుర్తొచ్చింది. ఆమె అక్కడ ఉండి ఉంటే ఆ మాటను అంత తేలిగ్గా పోనిచ్చేది కాదు.

కూలీల ఫిర్యాదులు రాసుకునే చిన్న ఆఫీసులో నేను గుమాస్తాగా చేరినప్పుడు ముత్తక్క అక్కడ అటెండరు. సొంతూరు తెలుగు సరిహద్దున కొంటా వైపు, గొల్లపల్లి దగ్గర. కాగితం మీద ఆమె పని ఫైళ్ళు మోయడం, టీలు ఇవ్వడం. నిజానికి ఆ ఆఫీసుకు నోరూ చెవీ ఆమే. హిందీ, హల్బీ, గోండి, దోర్లీ, తెలుగు, వచ్చిన మనిషిని బట్టి గడప దగ్గరే మార్చేసేది. మా నాన్న గనిలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు కనుక నాకు తెలుగూ హిందీ వచ్చు. మిగతా భాషల్లో తల ఊపడం వచ్చు.

చేరిన వారానికే ఒక పొద్దున బల్ల ముందు కూలబడి, "వచ్చానక్కా, వెట్టిచాకిరీకి" అన్నాను. ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఎవరు పట్టుకొచ్చిండ్రు బాబూ నిన్ను?"

"ఎవరూ పట్టుకురాలేదు. సైకిలెక్కి నేనే వచ్చా."

"రేపు రానంటే కొడతరా?"

"కొట్టరు. సెలవు చీటీ అడుగుతారు."

"అలిగి ఇంటికి పోతే ఎతుక్కుంట వస్తరా?"

"ఎవరూ రారక్కా. సంతోషిస్తారు."

"మరింకేంది వెట్టి? బద్ధకం అను. అదీ మంచి మాటే" అని అప్పుడు పెట్టింది గ్లాసు. టీ చల్లారిపోయింది. ఆ తరువాత ఆఫీసులో ఎవరు ఆ మాట అన్నా ఈ విచారణ జరగవలసిందే. ఒక్క 'గాడిద చాకిరీ'కి మాత్రం అనుమతి ఉండేది. గాడిదలు వచ్చి అడగలేదు కదా అని ఆమె వాదన.

అంత పట్టింపు దేనికని ఒకసారి అడిగాను. "మా నాయన వెట్టి చేసిండు బాబూ. అడవిల తిరగనీకి వచ్చిన దొర మంచం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసిండు" అంది. మంచమే కదా అన్నాను. "దొర దాని మీదనే పండుకున్నడు." మధ్యలో దించి నీళ్ళు తాగొచ్చు కదా అంటే, "దొర లేస్తడని భయం" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక, ఎందుకు నవ్వానో తెలియక కాసేపు నా మంచం వైపు చూశాను. ఖాళీ మంచమే చాలా బరువు.

రెండో ఏడాది, సరిగ్గా ఇలాంటి వానల ముందే, రోడ్డు పక్కన రాళ్ళు కొట్టే క్రషర్‌లో పనివాళ్ళను ఇళ్ళకు పోనివ్వడం లేదని ఎవరో ఉత్తరం రాశారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి తొమ్మిది మందిని మా ఆఫీసుకు పిలిపించారు. అందరిదీ గొల్లపల్లి అవతలి పల్లె. వాళ్ళను కనిపెట్టుకుని కాంట్రాక్టరు మనిషి, ముంషీ, ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. బలవంతపు పని అని తేలితే ఆ సాయంత్రమే వాళ్ళు ఊరికి పోవచ్చు. తేలకపోతే వాళ్ళను తెచ్చిన జీపులోనే మళ్ళీ క్రషర్‌కు. ఊళ్ళో విత్తే అదను దాటిపోతోంది.

"మీ చేత బేగారీ చేయిస్తున్నారా?" అని అధికారి హిందీలో అడిగారు. చేయిస్తుండ్రా వెట్టి అని ముత్తక్క తెలుగులో అడిగింది. వాళ్ళలో పెద్దవాడు భీమయ్య. అతనికి రోషం వచ్చింది.

"వెట్టి మా తాతలు చేసిండ్రు. మాకేంది ఖర్మ? బియ్యం ఇస్తుండ్రు, పప్పు ఇస్తుండ్రు. వెట్టోళ్ళమా మేము?"

ముంషీ మీసం సవరించుకున్నాడు. నాకు ఆకలేస్తోంది. ఒకడు కాదంటే తొమ్మిది మందీ కాదన్నట్టేనని తొమ్మిది గడుల్లోనూ 'లేదు' అని చకచకా రాసేశాను. పనిలో అంత చురుకుదనం నేను అంతకుముందు చూపలేదు, ఆ తరువాతా చూపలేదు.

ముత్తక్క నా కాగితం వైపు చూసింది. తరువాత భీమయ్య ఎదురుగా నేల మీద చతికిలబడి, చుట్టమింటికి వచ్చినట్టు అడిగింది.

"తమ్మీ, ఈ ఏడు విత్తనాల పండగ ఎట్ల చేసిండ్రు?"

ఆ ఊళ్ళలో ఇంటింటి విత్తనాలూ ఆకు దొప్పల్లో తెచ్చి పూజారి ముందు కలుపుతారు. తిరిగి తలా పిడికెడు పంచుకుంటారు. ఆ పిడికెడు అందుకోవడానికి ఇంటి మనిషి తానే పోవాలి. అది కలపకుండా ఎవరూ పొలంలో గింజ వేయరు. ఎంత దూరం కూలికి పోయినవాడైనా ఆ రోజుకు ఊళ్ళో ఉంటాడు.

భీమయ్య నేల చూశాడు. ఇలాంటప్పుడు కరెంటు పోతే బాగుంటుంది. పోలేదు. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

"చెయ్యలే అక్కా."

"ఎందుకు చెయ్యలే?"

"నాలుగుసార్లు అడిగిన. ఐదోసారి అడిగితే గేటుకు తాళమేసిండు. మా రేషన్ కార్డులు గూడ ఆయన పెట్టెలనే ఉన్నయి."

ముత్తక్క అది హిందీలో చెప్పగానే "అబద్ధం సాబ్!" అని ముంషీ లేచాడు. "పెట్టె తాళంచెవి ఏది?" అన్నారు అధికారి. అతని చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. ఇస్త్రీ అక్కడ నలిగింది.

"బాబూ, ఆ కాగితం చింపు" అంది ముత్తక్క. అధికారి వద్దనలేదు. కొత్త కాగితం మీద, ఆమె చెప్పినట్టు, వెట్టి అన్న మాట లేకుండానే మొత్తం రాశాను. గేటు, తాళం, కార్డులు, వాళ్ళు పోలేని పండుగ. దానికి చట్టం ప్రకారం ఏం పేరు పెట్టాలో అధికారి కింద రాసుకున్నారు. ఆ సాయంత్రం తొమ్మిది మందినీ కార్డులతో సహా కొంటా బస్సెక్కించాం. పూజారి వాళ్ళ కోసం మళ్ళీ పిడికెడు కలుపుతాడా అని నేనడిగితే, "కలపడా? తిట్టి మరీ కలుపుతడు" అంది ముత్తక్క.

బస్సు దగ్గర నుంచి తిరిగి వచ్చే దారిలో ఆమె విత్తనాల ధరల గురించే మాట్లాడింది. నన్ను తిట్టి ఉంటే ఏదో జోకుతో తప్పించుకునేవాణ్ణి. వెట్టి అన్న మాటను, అక్కర్లేని మేము రోజుకు పదిసార్లు నమిలాం. నిజంగా దాని కింద ఉన్నవాళ్ళు పరువు పోతుందని ముట్టనైనా ముట్టలేదు. నేను 'లేదు' అని రాసేసి ఆ సందులోంచి భోజనానికి పోబోయాను.

ముత్తక్క రిటైరై ఊరికి వెళ్ళిపోయింది. ఆమె చేసిన పని ఇప్పుడు నేను చేస్తున్నాను, మూడు భాషలు తక్కువగా. ఎవరైనా ఫిర్యాదుతో వస్తే ఫారం పక్కకు జరిపి ముందు పండుగల గురించి అడుగుతాను. ఆఫీసులో నన్ను 'త్యోహార్ బాబు', పండుగల బాబు అంటారు, పని ఎగ్గొట్టడానికి కనిపెట్టిన పద్ధతి అనుకుంటారు. కొంత నిజమే. చాలామంది నవ్వుతూ, చేతులు తిప్పుతూ, వండినవన్నీ చెబుతారు. ఎవరైనా నేల చూస్తే పెన్ను మూత తీస్తాను.