పళ్ళెంలో కదిలిన నా కండ

మాతా పూజ రోజు పొద్దున్న పసుపునీళ్ళ బిందె తలకెత్తుకోబోతే నా చేతులు భుజాలు దాటి పైకి లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. బిందె గుండెల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్‌లో తెలుగు ఆడవాళ్ళం ఏటా వేసవిలో అమ్మవారికి బిందెలు మోస్తాం. పెళ్ళయి ఈ రైల్వే కాలనీకి వచ్చినప్పటి నుంచి నేను ఒక్క ఏడు కూడా తప్పలేదు.

"ఏటైనాది నరసమ్మా, ఎత్తుకోవేటి?" అంది వెనకనున్నావిడ.

"సెయ్యి నెగటం నేదు."

"అమ్మ నీ సేత మొయ్యించుకోనంతంది. ఏటో లోపం సేసినావు."

ఆ మాట నమ్మాను. నమ్మక ఏం చేస్తాను? చేయి నొప్పెడితే జబ్బు అనుకునేదాన్ని. నొప్పి లేకుండా చేయి లేవకపోవడం నేనెప్పుడూ వినలేదు. చేపలు మానేశాను. తడిబట్టలతో గుడి చుట్టూ తిరిగాను. అలా తిరుగుతుంటే నడక కూడా బరువెక్కింది. జడ వేసుకోవాలంటే మోచేతిని గోడకి ఆనించాల్సి వచ్చేది. స్టేషన్ వంతెన మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో కాలినీ లాక్కోవాలి. అమ్మవారి కోపం ఇంకా తగ్గలేదనుకున్నాను.

మా ఆయన చెల్లెలు కనకం సుభాష్‌పల్లిలో బట్టలు కుడుతుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మా పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక, ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని తెలుగు రాయడం, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఒకరోజు ఆమె ఇంట్లో పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. పక్కకి ఒరిగి, నేల మీద చేతులు ఆనించి, కుర్చీ పట్టుకున్నా లేవలేదు.

కనకం కత్తెర పక్కన పడేసింది. "ఒదినా, అమ్మవారికి కోపమొస్తే బిందె ఆపుద్ది గానీ, పీట మీంచి నెగకుండా ఆపుద్దేటి? ఆవిడికి వేరే పనేటీ నేదా? పద డాక్టరు కాడికి."

మా ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక డాక్టరుగారు రక్తం టెస్టు చేయించారు. ఎస్జీఓటీ, ఎస్జీపీటీ బాగా పెరిగాయి, లివర్ అన్నారు. నూనె మానేసి, చప్పిడి తిని, లివర్ మందులు మింగాను. ఈలోగా అన్నం ముద్ద గొంతులో ఆగిపోవడం మొదలైంది. నీళ్ళు ముక్కులోకి వచ్చేవి. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి, మాటలు తక్కువ. ఆయన గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని, జావ చెంచాతో పట్టేవారు.

రెండో డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆమె నా రిపోర్టులు చూడకముందే నన్ను చూసింది.

"ఆంటీ, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి."

లేవలేకపోయాను. మళ్ళీ ప్రయత్నించమంది. మళ్ళీ లేవలేకపోయాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను లేవలేకపోతే ఈ పిల్లకెందుకింత సంతోషం అనుకున్నాను.

"ఇది లివర్ కాదు, ఆంటీ. ఈ ఎంజైములు కండల్లో కూడా ఉంటాయి. కండ దెబ్బతింటే రక్తంలోకి కారిపోతాయి. సీపీకే అని కండల టెస్టు చేయిద్దాం."

సీపీకే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. మయోసైటిస్ అన్నారు. నన్ను కాపాడాల్సిన రక్షణ కణాలే శత్రువనుకుని నా కండల మీద పడ్డాయట. నాకైతే ఏడుపు రాలేదు. లోపం నేను చేయలేదు! ఆ ఒక్క మాటకి సగం బరువు దిగిపోయింది.

హౌరా లోకల్‌లో కలకత్తా తీసుకెళ్ళారు. పెద్ద ఆస్పత్రిలో కండల్లో సూదులు గుచ్చి, అవి ఎలా పనిచేస్తున్నాయో చూసే ఈఎంజీ చేశారు. తొడలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలన్నారు. దానికి ముందురోజు ఒక సన్నటి అమ్మాయి తెల్లకోటుతో నా మంచం దగ్గరికి వచ్చింది. పేరు సుదేష్ణ. వైద్యం చేసే డాక్టరు కాదు, సైంటిస్టు. కండల కణాలు, గుండె కణాలు ఎలా బతుకుతాయో, ఎలా బాగుపడతాయో పరిశోధన చేస్తుందట.

"మాసీమా, టెస్టుకి సరిపోగా మిగిలినదాంట్లో కొంచెం మా ల్యాబ్‌కి ఇస్తారా? ఇష్టమైతేనే. ఇవ్వకపోయినా మీ ట్రీట్‌మెంటులో ఏ తేడా ఉండదు" అంది బెంగాలీలో, నన్ను పిన్నీ అని పిలుస్తూ.

కనకం నా చెవిలో, "ఏటి, కొబ్బరిముక్కేటి ఇచ్చీడానికి?" అంది.

"ఏం చేస్తావమ్మా దాంతో?" అన్నాను సుదేష్ణతో.

"పెంచుతాను."

శరీరంలోంచి తీసేసిన ముక్కని పెంచడమేమిటి? ఆ కుతూహలంతోనే సంతకం పెట్టాను.

బయాప్సీ అయ్యాక స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ముఖం పూరీలా పొంగింది, షుగర్ వచ్చింది, ఆకలి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. వార్డులో ఉన్న అందరితో తెలుగు, బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడేదాన్ని. "మా ఒదినకి మందు బాగా పనిసేస్తంది, కండలకి కాదు, నాలిక్కి" అనేది కనకం. కానీ కండలకి కూడా పనిచేసింది. ముందు మింగడం సులువైంది, తర్వాత దువ్వెన తలదాకా వెళ్ళింది.

చెకప్‌కి వెళ్ళినప్పుడు సుదేష్ణ నన్నూ కనకాన్నీ ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. అరచేతిలో పట్టే పళ్ళెం, మూత ఉంది, లోపల లేత గులాబీ నీళ్ళు. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. సర్దుకున్నాక పొడుగ్గా, పక్కపక్కన పేర్చిన దారాల్లా ఏవో కనిపించాయి.

"ఇవి మీవే, మాసీమా. ప్రతి కండలోనూ కొన్ని కణాలు నిద్రపోతూ ఉంటాయి. కండకి దెబ్బ తగిలితే లేస్తాయి, ఎక్కువవుతాయి, ఒకదానితో ఒకటి అతుక్కుని కొత్త కండ అవుతాయి. మీ ముక్కలో నిద్రపోతున్నవాటిని లేపాను. ఇప్పుడు చూడండి."

ఆమె చిన్న కరెంటు ఇచ్చింది. ఆ దారాల్లో ఒకటి ఉలిక్కిపడింది. మళ్ళీ ఉలిక్కిపడింది. నేను అరిచాను. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. కనకం నన్ను పక్కకి నెట్టి చూసింది.

"ఒలమ్మో! ఒదినా, ఇంటికాడ నువ్వు మంచం దిగడానికి ముక్కుతావు, ఇక్కడ సూస్తే నీ ముక్క గెంతుతంది!"

నవ్వుతూనే ఏడ్చాను. నా తొడలో కూడా ఇప్పుడిలాగే జరుగుతోందన్నమాట. నేను పడుకున్నా, బెంగపడినా, అక్కడ ఎవరో లేచి పని మొదలుపెట్టారు.

సుదేష్ణ ఇంకో పళ్ళెం పెట్టింది. అవి నావి కావు. ఎవరో ఇచ్చిన రక్తంలోని కణాలని మళ్ళీ పసి కణాలుగా మార్చి, ఆ తర్వాత గుండె కణాలుగా పెంచారట. వాటికి కరెంటు ఇవ్వక్కర్లేదు. వాటంతటవే, అన్నీ ఒకేసారి, లయగా కొట్టుకుంటున్నాయి. గుండె లేదు, మనిషి లేడు, కొట్టుకోవడం మాత్రం ఉంది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

"వీటిలో కూడా నిద్రపోయేవి ఉన్నాయా?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అదే నా పరిశోధన, మాసీమా. కండ తనని తాను బాగుచేసుకుంటుంది. గుండె దాదాపుగా చేసుకోలేదు. పోయిన చోట మచ్చ మిగులుతుంది. ఎందుకలా అన్నదే వెతుకుతున్నాను."

తిరిగి వస్తూ రైల్లో ఇదంతా, కింద మందుల క్యూలో ఉండిపోయిన మా ఆయనకి చెప్పాను. "అంటే కండకి డ్యూటీ అందుకునే రిలీవరు ఉన్నాడు, గుండెకి నేడు. సచ్చేదాకా ఒక్కడిదే డ్యూటీ" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత పెద్ద మాట చెప్పడం అదే మొదటిసారి.

తర్వాత డాక్టరు స్టెరాయిడ్ డోసు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. నేను ఒక్క మాత్ర కూడా మానలేదు. అయినా జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కొందరికి డోసు తగ్గించేటప్పుడు ఇలా జరుగుతుందని ముందే చెప్పారు. కానీ ఈసారి చేతులు బాగానే లేచాయి. ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఉండగా గుండె గబగబా కొట్టుకుని, ఒక దెబ్బ తప్పి, మళ్ళీ పరుగెత్తింది. కాళ్ళు వాచి, వాటి మీద చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడ్డాయి. మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందలేదు.

"గ్యాసేమో. వాము నీళ్ళు తాగు. తెల్లారి సూద్దాం" అన్నారు మా ఆయన.

"తెల్లారి కాదు. ఇప్పుడే. గుండెకి రిలీవరు నేడని సెప్పింది మీరే."

ఆయన వెంటనే చొక్కా తొడుక్కున్నారు.

ఊళ్ళో ఆస్పత్రిలో ఈసీజీ తీసి, అంబులెన్స్‌లో కలకత్తా పంపారు. గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి కారే ట్రోపోనిన్ పెరిగింది. ఎకోలో గుండె పంపింగ్ తగ్గింది. మయోసైటిస్ గుండె కండ మీద కూడా పడిందేమో అన్నారు. మయోకార్డైటిస్ అనే కొత్త మాట నేర్చుకున్నాను. కార్డియాక్ ఎమ్మారై మిషనులో పడుకుని, ఊపిరి పట్టమన్నప్పుడల్లా పట్టుకుంటూ, మనసులో ఒక్కటే అడుగుతున్నాను: వాపా, మచ్చా? వాపైతే తగ్గుతుంది. మచ్చ పడితే ఆ చోటు మళ్ళీ కండ కాదు. ఈ తేడా నాకు చెప్పింది ఏ రిపోర్టూ కాదు, ఆ రెండు పళ్ళేలు.

మర్నాడు హార్ట్ డాక్టరు వచ్చి సినిమా బొమ్మలా కదులుతున్న నా గుండెని స్క్రీను మీద చూపించారు.

"వాపు చాలా ఉంది. మచ్చ మాత్రం కనిపించడం లేదు. ఇంకొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఉంటే ఇలా చెప్పగలిగేవాణ్ణి కాదు."

స్టెరాయిడ్ డ్రిప్ ఇచ్చారు, దాంతో ఇంకో కొత్త మందు కూడా. గుండెకి వేరే మాత్రలు. నీళ్ళు కొలిచి తాగమన్నారు. సుదేష్ణ తన పని అయ్యాక వచ్చి నా మంచం పక్కన కూర్చునేది.

"నీ పళ్ళెంలోవి ఎలా ఉన్నాయి?" అని అడిగేదాన్ని.

"కొట్టుకుంటున్నాయి, మాసీమా. మీది?"

"ఇదీ కొట్టుకుంటోంది."

ఆ తర్వాత కొన్ని వారాలు భయంగానే గడిచాయి. మళ్ళీ ఎకో తీశారు. బయటికి వచ్చాక డాక్టరు కాగితం చూసి నవ్వారు. "పంపింగ్ దాదాపు నార్మల్." కనకం వరండాలోనే రెండు చేతులూ ఎత్తి అరిచింది. సిస్టర్ వచ్చి, "దీదీ, ఇది ఆస్పత్రి" అని కసిరింది. "మాకు తెల్సు సిస్టర్, అందుకే అరుస్తన్నాను" అంది కనకం.

ఇప్పుడు చిన్న డోసులో ఉన్నాను. షుగర్ మాత్ర వేసుకుంటాను. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామాలు రోజూ చేస్తాను. స్టేషన్ వంతెన మధ్యలో ఒకసారి ఆగి, ఎక్కేస్తాను. పూర్తిగా నయమైందని డాక్టర్లు అనరు, నేనూ అనను. అదుపులో ఉంది. పోయినసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు సుదేష్ణకి రక్తం ఇచ్చాను. ఈసారి నా రక్తం నుంచి గుండె కణాలు పెంచుతుందట, నా గుండె మీద ఈ జబ్బు ఎందుకు పడిందో వాటిలో వెతుకుతుందట. అవి కొట్టుకోవడం మొదలుపెట్టగానే కబురు చేస్తానంది. ఫోను మోగితే చాలు, గబుక్కున తీస్తున్నాను.

మీకు ఒక్క మాట చెప్పాలి. చేయి పైకెత్తలేకపోతున్నా, పీట మీంచి లేవలేకపోతున్నా, మెట్లెక్కలేకపోతున్నా, వయసని, అలసటని, దేవుడి కోపమని సర్దుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి, "సీపీకే చూడాలా?" అని అడగండి. కండల జబ్బని తేలితే, "గుండె కూడా చూస్తారా?" అని ఆ రోజే అడగండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నా కండలు కరిగిపోతున్న ఆ నెలలన్నింటిలో నాకు ఒక్కరోజు కూడా నొప్పి పుట్టలేదు.