అత్తయ్య హాల్లో ఆమేన్

మా మేనత్త పోయింది. సెలవుకని భీమవరం వెళ్ళిన మనిషి, పొద్దున ప్రార్థన చేసుకుని కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసిందట. దోహాకు ఫోన్ వచ్చేసరికి నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. తాలింపు మాడిపోయింది. ఆవిడే పక్కనుంటే "ఏడుద్దువుగానిలే, ముందా స్టవ్ కట్టెయ్యవే!" అనేది. ఆ మాట గుర్తొచ్చాకే నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఈ ఊళ్ళోనే ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఆవిడ ఫ్లాటు హాల్లోనే మా తెలుగువాళ్ళ శుక్రవారం ప్రార్థన. గోదావరి, కృష్ణా జిల్లాల క్రైస్తవ కుటుంబాలన్నీ అక్కడికే చేరేవి. గుమ్మం బయట చెప్పులు వరసలో ఉండాలి. పక్కవాళ్ళ గుమ్మం మీదికి ఒక్క చెప్పు జరిగినా పాట ఆపించి మరీ సర్దించేది. ఆఖరి ఆమేన్ పడీ పడగానే "యల్లా, కానివ్వండి, వడ్డించండి!" అని కేక పెట్టేది.

ఆవిడకున్న దిగులల్లా పిల్లల గురించే. ఇక్కడ పెరిగే మా పిల్లలు తెలుగు కీర్తనల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళు. ఒక శుక్రవారం తెలుగు బైబిలు చేతికిస్తే ఓ పిల్ల తలకిందులుగా పట్టుకుంది. ఇంకెవరు, మా అమ్మాయే! "సొంత భాషలో దేవుడి మాట చదవలేని పిల్లల్ని పెంచామే, ఏం మొహం పెట్టుకుని పైకి పోతాను?" అని అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడే తెలుగు అసోసియేషన్‌కు ఎన్నికలు వచ్చాయి. ప్రెసిడెంట్ పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మా ప్రార్థనకు వచ్చే మేనేజర్ గారు. "తెలుగుతో ఇక్కడ పనేముందండీ" అనే రకం. రెండో ఆయన రాజమండ్రి ఎకౌంటెంట్ గారు. గెలిస్తే అసోసియేషన్ గదిలో పిల్లలకు తెలుగు క్లాసు పెట్టిస్తానన్నారు. చిక్కల్లా ఆయన మార్మన్. వాళ్ళూ క్రీస్తు పేరే చెబుతారు గానీ, బైబిలుకు తోడు వేరే గ్రంథాన్ని కూడా దేవుడి వాక్యంగా నమ్ముతారు. మావాళ్ళకు అక్కడే ముద్ద దిగలేదు. పైగా ఆయన టీ కాఫీలు ముట్టరు. "టీ తాగని ఆంధ్రుణ్ణి ఎలా నమ్ముతామండీ!" అన్నది మేనేజర్ గారి ప్రచారం.

ఎన్నికల ముందు శుక్రవారం ప్రార్థన చేసే పని అమలాపురం ఎలక్ట్రీషియన్ గారికి అప్పగించారు. ఆయన మొదలుపెడితే ఓ పట్టాన ఆపరు. రోగులు, వీసాలు, సెలవులు అన్నీ అయ్యాక అదే ఊపులో "ఈ ఎన్నికల్లో మా ఎకౌంటెంట్ గారికి జయము దయచేయుము తండ్రీ" అనేశారు. వంటింట్లోంచి బిర్యానీ ఘుమఘుమలు. కళ్ళు మూసుకున్న మేమంతా అలవాటు కొద్దీ "ఆమేన్!" అన్నాం. అందరికంటే గట్టిగా అన్నది మేనేజర్ గారు.

కళ్ళు తెరిచాక చూడాలి గోల! "మార్మన్‌కి ఆమేనా?" అని ఒకరు. "దేవుడి ముందు అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటాం?" అని ఇంకొకరు. మేనేజర్ గారి మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నాకు మాత్రం నవ్వాగలేదు.

"అక్కా, పెద్దవారు మీరే. మన ప్రార్థన కూటం మద్దతు నాకేనని మీ నోటితో చెప్పెయ్యండి" అన్నారు మేనేజర్ గారు అత్తయ్యతో.

ఎప్పుడూ గొంతెత్తని ఒక వదినగారు మాత్రం నిజంగానే భయపడింది. "ఇవాళ మనం ఆయన్ని మంచివాడంటే, రేపు ఆయన బోధ కూడా మంచిదేననుకోరా మన పిల్లలు?"

అత్తయ్య ఆ మాటను తీసిపారెయ్యలేదు. "నీ భయం న్యాయమైందే. ఆయన్నే పిలిచి అడుగుదాం. ముసుగులో గుద్దులాట నాకు చేతకాదు" అంది.

మర్నాడు సాయంత్రం మా అందరి ముందుకూ ఎకౌంటెంట్ గారు వచ్చారు. అత్తయ్య ఇక్కడ లబన్ అని అమ్మే చల్ల తీసి అల్లం, కరివేపాకు దంచి వేసి మజ్జిగ చేసింది. ఆయన గ్లాసు అందుకోగానే అడిగేసింది.

"మీ గ్రంథాన్ని నేను ఒప్పుకోను బాబూ. మొహం మీదే చెబుతున్నాను. క్లాసులో దాన్ని తెరుస్తారా?"

"తెరవనండీ. మీదీ తెరవను. హిందువుల పిల్లలూ వస్తారు కదా. అ ఆలు నేర్పిస్తాం. ఆ తర్వాత ఏం చదువుకోవాలో వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళిష్టం."

"మాటేనా?"

"మాటేనండీ."

అత్తయ్య మా వైపు తిరిగింది. "ఈ హాలు ప్రార్థనకి. ఇందులో కూర్చుని ఈయనకీ ఓటడగను, తమ్ముడూ, నీకూ అడగను. గుమ్మం దాటాక మాత్రం నా ఓటు ఈయనకే. నేను ఎన్నుకునేది పాస్టరుని కాదు, ప్రెసిడెంటుని."

మేనేజర్ గారు విసురుగా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వెనకాలే మెట్లు దిగి, చేపల పులుసు డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చింది. తర్వాతి శుక్రవారం ఆయన డబ్బా కడిగి తెచ్చిచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

ఎకౌంటెంట్ గారు గెలిచారు. అబ్బ, ఆ రోజు అత్తయ్యను చూడాలి! డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చేసి, దారిలో కనపడ్డవాళ్ళందరికీ లడ్డూలు పంచింది. అల్ ముంతజాలోని అసోసియేషన్ గదిలో క్లాసు మొదలైంది. ఆయన ఇచ్చిన మాట తప్పలేదు. మొదట్లో వదినగారు కాపలాకని తలుపు పక్కన కూర్చునేది. కొన్నాళ్ళకు తనే పిల్లలకు ఒత్తులు దిద్దించడం మొదలుపెట్టింది.

అత్తయ్యా, నా కూతురికి నువ్వు ఇప్పించిన అక్షరాల రుణం నేను తీర్చుకోలేను.

మొన్న శుక్రవారం అదే హాల్లో అత్తయ్య జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టుకున్నాం. గుమ్మం బయట చెప్పులు ఎవరూ చెప్పకుండానే వరసలో ఉన్నాయి. వెనక కుర్చీలో ఎకౌంటెంట్ గారు కూర్చున్నారు. ఆయనకు మజ్జిగ నేనే కలిపిచ్చాను. మా అమ్మాయి లేచి, అత్తయ్య చదువుకున్న పాత తెలుగు బైబిలు తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ వాక్యం చదివింది. ఒక్క ఒత్తూ జారలేదు.

చదవడం అయింది. వెనక కుర్చీలోంచి ఎకౌంటెంట్ గారు మెల్లగా "ఆమేన్" అన్నారు. వెంటనే మేమంతా అందుకున్నాం. అందరికంటే గట్టిగా అన్నది, ఎప్పటిలాగే, మేనేజర్ గారు. ఈసారి కళ్ళు తెరుచుకునే అన్నారు.