తియ్యని కిటికీ

1948 సెప్టెంబరు 13, సోమవారం, పొద్దున ఎనిమిది గంటలకు నాయన మా మెట్టుగూడ ఇంటి వీధి కిటికీ మూసి గడియ పెట్టాడు. పైన విమానాలు తిరుగుతాయి, ఎవరూ బయటికి పోవద్దన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడికి రెండు నిండలేదు. వాడికి నలభై ఒక్క మాటలు వచ్చు, నేనే లెక్కపెట్టేదాన్ని.

ఆ కిటికీకి పాత ఆకుపచ్చ రంగు, పొర మీద పొర, బల్లి చర్మంలా పగిలి ఉండేది. చిలుక పంజరం దాని చువ్వకే వేలాడేది. మూసిన గదిలో వెలుతురు సన్నగా పడేది అక్కడొక్కచోటే. తమ్ముడు అక్కడే కూర్చునేవాడు. ఒకసారి రంగు పెచ్చు నా నోటికి అందించి, "అక్కా, తీపి" అన్నాడు. నాలుక ఆనించి చూశాను. నిజంగానే తీపి.

శుక్రవారం సాయంత్రం పోలీసు చర్య ముగిసిందని తెలిసి కిటికీ తెరిచారు. తమ్ముడు మాత్రం ఆ చోటు వదల్లేదు. చలికాలానికి, కిటికీ చువ్వల రంగు కొరికే చిలుక పలకడం మానేసింది. ఒక పొద్దున పంజరం అడుగున వెల్లకిలా పడి ఉంది. ఆ తర్వాత తమ్ముడి మాటలు తగ్గసాగాయి. ముప్పై. పన్నెండు. కడుపు పట్టుకుని ముడుచుకునేవాడు.

"విమానాల సప్పుడుకు జడుసుకున్నడు," అంది నాయనమ్మ. "జడుపు ఏడ తాకిందో ఆడనే దింపాలె."

రోజూ సందెవేళ వాడిని ఆ కిటికీ దగ్గరే కూర్చోబెట్టి వేపమండలతో దిగదుడిచేది. వాడు ఏడ్చేవాడు కాదు. కిటికీ గట్టు నాకుతూ ఉండేవాడు.

"సూడు బిడ్డా, ఆడ గూసుంటే ఎంత నిమ్మలంగున్నడో," అని అమ్మకు చూపించేది. మాకందరికీ అది గుణం కనిపించినట్టే ఉండేది. చివరికి వాడి దగ్గర 'తీపి' ఒక్కటే మిగిలింది. వేసవిలో మూర్ఛలు మొదలయ్యాయి. మూడో మూర్ఛ నుంచి వాడు లేవలేదు.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చనీ, అది తియ్యగా ఉంటుందనీ ముసలితనంలో చదివాను. అప్పుడు ఆ పాత ఇంటికే రంగులు వేయించబోతున్నాను. ఆ కిటికీని గోకనివ్వలేదు. తడిగుడ్డతో తుడిస్తే వెలిసిన రంగు తెల్లటి పొడిగా అంటింది. అడుగు పొర దాకా ఒక పెచ్చు తీయించి పరీక్షకు పంపాను. సీసం ఉందన్నారు. తమ్ముడు దానివల్లే పోయాడని ఏ పరీక్షా చెప్పలేదు కాబట్టి నేనూ రాయను.

పోయినవి: చిలుక ఒకటి. మాటలు నలభై ఒకటి. తమ్ముడు, నాకు ఒక్కడే ఉండేవాడు.