నిగనిగలాడిన పురుగు

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, రాజాం దగ్గరి ఆ పల్లెలో అందరూ గోగు వేస్తే దేముడమ్మ మల్బరీ వేసింది. మొగుడు పోయిన ఏడాదే, అరవై ఏడులో, పట్టు పరిశ్రమ ఆఫీసరు చంద్రశేఖరం గారు మొక్కలిచ్చి, పురుగుల పెంపకం నేర్పారు. మరిది అప్పలసూరికి అది గిట్టలేదు. ఉమ్మడి భూమిలో అరెకరం పురుగుల పాలైందని ఏడుపు. మొదటి పంట సగానికి సగం పోయింది.

"ఇంకో పంట సూస్తానొదినా. అదీ పోతే మొక్కలు పీకి గోగు ఏసెస్తాను" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషే.

రెండో పంటని ఆమె కళ్ళలో వత్తులేసుకుని పెంచింది. ఆ కళ్ళే దగా చేస్తున్నాయి. నలభై ఐదు దాటాక దగ్గరివన్నీ అలుక్కుపోతున్నాయి. కళ్ళజోడు పెట్టుకుంటే ఊరు నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు. పురుగులు ఆకు నమిలే చప్పుడు బాగానే వినిపిస్తోంది, వారంలో గూళ్ళు కడతాయి, గట్టెక్కానని అనుకుంది.

అప్పుడే చంద్రశేఖరం గారికి పట్టు తయారీ అంతా ఫొటోలు తీయించి ఆఫీసులో పెట్టాలని బుద్ధి పుట్టింది. రాజాం స్టూడియో జగన్నాధం వచ్చి తోటని తీశాడు, ఆకు కోతని తీశాడు, తట్టలన్నీ వెతికి అన్నిటికన్నా లావుగా నిగనిగలాడే పురుగుని ఎంచి తీశాడు. పెళ్ళికూతుళ్ళని తీసే చెయ్యి మరి, అందాన్నే వెతుక్కుంటుంది.

రెండు రోజులకి ఇద్దరూ ఆ ఫొటోని పెద్దది చేసి తెచ్చారు. పురుగు ఆనపకాయంత ఉంది.

"ఇంత మేలైన పురుగు జిల్లాలో లేదు, దేముడమ్మా" అన్నారు ఆఫీసరు గారు.

ఆమె చేతులు చాచి పట్టుకుని చూసింది. చాన్నాళ్ళకి పురుగు స్పష్టంగా కనిపించింది. కణుపుకీ కణుపుకీ మధ్య ఉబ్బు, బిగుసుకున్న తోలు. మొదటి పంటని తిన్న పాలరోగమే. దాని పేరు నేర్పింది కూడా ఈ ఆఫీసరు గారే! ఇప్పుడే ఏరి పారేస్తే మిగిలినవి బతుకుతాయి. ఏరడానికి తనకి చూపు లేదు. చెబుదామంటే పక్కనే అప్పలసూరి.

"బాబూ, ఇది రోగం పురుగు" అంది. ఆఫీసరు గారు ఫొటో మీదికి వంగారు. ఆమె మరిది వైపు తిరిగింది. "సూరీ, నాకు దగ్గరివి కనబడవు. ఇన్నాళ్ళూ సెప్పనేదు. ఈ బొమ్మ సూసి ఇలాటివన్నీ నువ్వే ఏరాల."

"గోగు ఏస్తానన్నోణ్ణి, నన్నేరమంటన్నావా?"

"ఇంట్లో కళ్ళున్నోడివి నువ్వే."

అతను ఫొటోని మోకాలికి ఆనించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి బేసిన్ నిండింది. ఇన్నా అని దేముడమ్మకి భయమేసింది. కావాలనే మంచివీ పారేస్తున్నాడేమోనని ఒళ్ళు మండింది కూడా.

రోగం అంటకుండా ఏరినవాటి మీద పొయ్యడానికి అతను సున్నం తేవడానికి వెళ్ళాడు. ఆమె బేసిన్‌లో చెయ్యి పెట్టి ఒక పురుగుని నొక్కింది. జబ్బుదైతే పుటుక్కున తోలు పగిలి పాలు కారతాయి, మంచిదైతే అంత తేలిగ్గా పగలదు. పాలు కారాయి. ఇంకోటి నొక్కింది. పాలే. అడుగు నుంచి గుప్పెడు తీసి నొక్కింది. మణికట్టు దాకా పాలు కారాయి. ఒక్కటీ మంచిది లేదు.

అప్పలసూరి సున్నం ముంతతో వచ్చేసరికి ఆమె ఏడుస్తోంది.

"ఎందుకేడస్తావొదినా? తట్టల్లో ఇంకా సానా ఉన్నాయి, మంచివే" అన్నాడు.