వేలికొసన పాకం

బెల్లం కూడా మానేసిన నాలుగో రోజు మధ్యాహ్నం, చాప కూడా పరుచుకోకుండా ముందు గదిలో గచ్చు మీద పడుకున్నా. కళ్ళు మూసుకున్నట్టూ లేదు, తెరుచుకున్నట్టూ లేదు. తిరిగే ఫ్యాను చప్పుడు మెల్లగా పాకం ఉడికే చప్పుడైంది. బుడబుడ, బుడబుడ. ఇల్లంతా బెల్లం వాసన. ఎవరో అరిసెలు వత్తి నూనెలో వేస్తున్నారు, అవి పొంగి, గాల్లోకి తేలి, ఒక్కొక్కటే వచ్చి నా పక్కన పడుకుంటున్నాయి. వాటికి దుప్పటి కప్పుదామని చెయ్యి చాపా. మెలకువొచ్చింది. గోడ మీద బల్లి తప్ప ఏమీ లేదు. ఎంత కోపమొచ్చిందంటే ఆ బల్లిని పట్టుకుని తిట్టా.

మా ఆయనకి నరసరావుపేటలోనే కిరాణా కొట్టు. అన్నానికొచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూశాడంట. "ఏంది, నిద్రలో నవ్వుకుంటున్నావ్? ఎవరొచ్చారు కల్లోకి?" అన్నాడు. "అరిసెలొచ్చినయ్యి" అన్నా. "నేను రాలేదా?" అన్నాడు. "నిన్ను తింటే ఏం లాభం" అన్నా. నవ్వుతూ చేతులు కడుక్కోవటానికి పోయాడు.

ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పాలి. మా వీధిలో ఎవరింట్లో అరిసెలు వండినా పాకం చూడటానికి నన్నే పిలిచేవాళ్ళు. ఇరవయ్యేళ్ళుగా అంతే. అరిసెకు పాకమే ప్రాణం. లేతదైతే అరిసె నూనెలోనే విడిపోద్ది, ముదిరిందంటే మర్నాటికి పళ్ళు ఊడతాయి. ఆ రెంటికీ మధ్య ఉండేది ఒక్క క్షణం. అది కంటికి కనపడదు, వేళ్ళకే తెలియాలి. పాకం చుక్క తీసి, ఉండ చేసి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కి చూడాలి. మా అమ్మ నేర్పినప్పుడు నా చెవి తమ్మె నాచేతే పట్టించింది. "ఇంత మెత్తన ఉండాలి. ఇంతకంటే గట్టిపడిందా, చెడ్డట్టే" అంది. ఆ రోజంతా చెవి పట్టుకునే తిరిగా. బళ్ళో పంతులుగారు గుంజీళ్ళు తీస్తున్నాననుకున్నారు.

అందరూ పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, అందులో చుక్క వేసి చూస్తారు. నేను అట్టా కాదు. వేళ్ళు ఒకసారి నీళ్ళలో ముంచి, గరిటె మీంచే తీసుకునేదాన్ని. గొప్ప! చుట్టూ కూర్చున్న ఆడాళ్ళు "అమ్మో" అనాలి గదా మరి.

రెండు మూడేళ్ళ నుంచీ వేలికొసలు మొద్దుబారుతున్నాయి. మల్లెలు మాల కడుతుంటే దారం ఎక్కడుందో తెలిసేది కాదు. చెప్పు కాలి నుంచి జారిపోయినా చూసుకోకుండా నాలుగడుగులు వేసేదాన్ని. వయసులే అనుకున్నా. పొద్దున రెండు గ్లాసుల టీ, పదింటికి ఒకటి, సాయంత్రం రెండు, అన్నీ చిక్కగా, తియ్యగా. టీ గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో నాకేదాన్ని. ఆ వేలితోనే!

అప్పుడు మా ఎదురింటామె పెద్ద కూతురి పెళ్ళయింది. ఆమె నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటది. అత్తారింటికి పంపే సారెకు అరిసెలు వండుతున్నారు. అచ్చంపేట నుంచి వాళ్ళన్న బెల్లం బండి మీద కట్టుకుని తెచ్చాడు. పదిమంది ఆడాళ్ళం చేరాం. పాకం మరిగింది. వేళ్ళు తడుపుకుని, గరిటె మీంచి తీసి నొక్కా. ఏమీ తెలియలా. మళ్ళీ తీశా. గుడ్డ చుట్టుకుని పట్టుకున్నట్టుంది. అందరూ నా మొహమే చూస్తున్నారు. "ఇంకాస్త ఉడకనీ" అన్నా. కాసేపాగి "ఆఁ, దించండి" అన్నా, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ అరిసెలు రాళ్ళయినయ్యి. మొదటి వాయి కొరికి చూసిన ముసలామె అరిసె మొత్తం నోట్లోంచి బయటికి తీసింది. అందరూ నా వంక తిరిగారు. అప్పుడు నా నోరు, నా పాడు నోరు, ఏమందో తెలుసా? "బెల్లం కల్తీదమ్మా. మీ అన్నను ఎవరో మోసం చేశారు" అంది. పుట్టింటి నుంచి వచ్చిన బెల్లాన్ని, పదిమందిలో. ఎదురింటామె నా వంక చూసి, "అంతేనేమో అక్కా" అంది. ఆ తర్వాత వాళ్ళాయన ప్రతి పండక్కీ "మీ అచ్చంపేట బెల్లమా, మాకొద్దు తల్లీ" అని ఎకసెక్కాలాడటం మా వరండాలోకి వినపడేది. విన్నప్పుడల్లా లోపలికి పోయి టీవీ సౌండు పెంచేదాన్ని.

అరిసెలు చెడిన ఆ వారమే డాక్టరు దగ్గరికి పోయా. షుగరని తేలింది. చానాళ్ళ నుంచీ ఉందన్నాడు. "తీపి మానితే నా వేళ్ళు నాకొస్తాయా?" అని అడిగా. "కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు. మానకపోతే మాత్రం పాదాలకూ ముప్పేనమ్మా" అన్నాడు. పాదాల సంగతి నాకు పట్టలా. నాకు ఆ రెండు వేళ్ళే కావాలి. ఎవరికీ చెప్పకుండానే అవి తిరిగి రావాలి. వీధిలో పాకానికి ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నా.

ఆ రోజే పంచదార మానేశా. నిష్ఠగా. టీలో బెల్లం వేసుకున్నా, పెరుగన్నంలో బెల్లం నంజుకున్నా, పంచదార లేదన్న కక్ష కొద్దీ ఇంకో ముక్క ఎక్కువే తిన్నా. బెల్లం మంచిదే గదా, బాలింతలకు పెట్టమూ! మూణ్ణెల్లు పోయాక పరీక్ష చేస్తే షుగరు అంగుళం కదల్లేదు. డాక్టరు ఏమేం తింటున్నారని అడిగి, బెల్లం పేరు వినగానే పెన్ను కింద పెట్టాడు. "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. "ఎవరితో చెప్తున్నావ్ నాయనా? బెల్లం సంగతి నాకు తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుసుద్ది?" అన్నా. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

అట్టా బెల్లం కూడా పోయింది. అన్నం ఒక పూటకు దిగింది, రాత్రికి జొన్నరొట్టె. ఎవరింటికి పోయినా "ఒక్క చెంచానే వేశా అక్కా, తాగు" అంటారు. వద్దంటే మొహం ముడుచుకుంటారు. మొదట్లో నాకూ అంతా చిరాకే. కారణం లేకుండా మా ఆయన మీద ఎగిరేదాన్ని, పాలవాడి మీద ఎగిరేదాన్ని. మధ్యాహ్నాలు మాత్రం గచ్చు మీద పడుకుంటే ఎటో తేలిపోయేదాన్ని. కలల్లో పూర్ణాలూ, పాకంలో నానిన కాజాలూ. ఒకసారి మా అమ్మ వచ్చి పొయ్యి ముందు కూర్చుని, నా వంక చూడకుండా, పాకం తిప్పుతానే ఉంది. "అమ్మా, నేను చూడనా?" అన్నా. పక్కకు జరిగి చోటిచ్చింది. లేచాక చానాసేపు ఆ చోటు వెచ్చగా ఉన్నట్టే అనిపించింది.

పొద్దున్నే నడక మొదలుపెట్టా. ఊరు దాటితే మంచులో కోటప్పకొండ నీలంగా, సగం గీసి వదిలేసినట్టు ఉండేది. ఆ కొండ వంక చూస్తూ బొటనవేలితో చూపుడు వేలిని రుద్దుకుంటూ నడిచేదాన్ని. "వచ్చిందా? ఇప్పుడు వచ్చిందా?" రాలా. వారాలు, నెలలు. ఈలోగా తీపి కలలు తగ్గినయ్యి. టీలో టీ రుచి తెలిసింది. పచ్చి వేరుశెనక్కాయ ఇంత తియ్యగా ఉంటదని అప్పుడే కొత్తగా తెలిసినట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు తిన్నా.

ఏడాది దాటాక ఒక రోజు చేటలో కందిపప్పు ఏరుతున్నా. కళ్ళు కిటికీ బయట ఉన్నాయి, మనసు ఎక్కడో ఉంది. చూపుడు వేలికి చిన్న రాయి గుచ్చుకుంది. చూడకుండానే తెలిసింది! పక్కన పెట్టి మళ్ళీ ముట్టుకున్నా, మళ్ళీ తెలిసింది. అక్కడే కూర్చుని ఏడ్చేశా. మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని, "పప్పులో రాయి దొరికినందుకు ఏడ్చేదాన్ని నిన్నే చూశా" అని, నా చెయ్యి పట్టుకుని చానాసేపు వదల్లా. పూర్తిగా రాలేదులే. చిటికెన వేలూ దాని పక్క వేలూ ఇప్పటికీ మొద్దే. బొటనవేలూ చూపుడు వేలూ మాత్రం వచ్చినయ్యి.

నెల తిరక్కుండానే ఎదురింటామె గుమ్మంలోకొచ్చింది. "అక్కా, కాన్పుకొచ్చిన అమ్మాయిని బిడ్డతో అత్తారింటికి పంపుతున్నాం. సారెకు అరిసెలు. పాకం చూడాలి." మోకాళ్ళ మాట నోటి దాకా వచ్చింది. మింగేసి, "పద" అన్నా.

ఈసారి జనం లేరు. పెరట్లో పొయ్యి ముందు ఆమే, నేనే. వాళ్ళాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. గొప్పలకు పోకుండా పళ్ళెంలో నీళ్ళు పెట్టమన్నా. చుక్క వేసి, ఉండ చేసి, నొక్కా. ముందు లేత. ఇంకోసారి, కొంచెం బిగిసింది. మూడోసారి వేళ్ళ మధ్య మెత్తగా, చల్లగా, సరిగ్గా అదే. "దించు" అన్నా. ఆమె గిన్నె దించుతుంటే ఇక ఆగలేకపోయా.

"ఏమే, ఆ రోజు మీ అన్న తెచ్చిన బెల్లం మంచిదే. నా వేళ్ళకు తెలియలా. అబద్ధమాడా."

ఆమె తల ఎత్తలా. "తెలుసక్కా" అంది.

"ఏంది నీకు తెలిసింది?"

"ఆ రోజు మరిగే పాకం నీ వేలికి అంటుకుని చర్మం తెల్లగా పొంగింది. పక్కనున్నదాన్ని, నాకు ఒళ్ళు జలదరించింది. నువ్వు రెప్ప కూడా వేయలా. అప్పుడే తెలిసింది నీ చేతికి తెలియట్లేదని."

ఆ రోజు సాయంత్రం వేలి మీద బొబ్బ చూసుకుని, మా ఇంట్లో పొయ్యి దగ్గరే కాలిందనుకున్నా నేను. "మరి బెల్లాన్నంటే ఎందుకూరుకున్నావే? మీ ఆయన చేత ఇన్నాళ్ళూ ఎందుకు మాటలు పడ్డావు?"

"నీ చేతికి తెలియట్లేదంటే ఇంక నిన్నెవరు పిలుస్తారక్కా? మా ఆయన మాటలదేముంది, రోజూ ఉండేయే." తెడ్డు అందుకుంది. "పిండి పొయ్యక్కా, పాకం ముదిరిపోద్ది."

కళ్ళ నీళ్ళతో ఏమీ కనపడకపోయినా పిండి పోశా. ఆమె తిప్పింది. పిండి చేత్తోనే కొంగు తీసి మొహం తుడుచుకుని, వరండాలోకి వినపడేట్టు గట్టిగా కేకేశా.

"ఏమయ్యా, ఆ పేపరు పక్కన పెట్టి ఇట్టా రా. ఆ అచ్చంపేట బెల్లం సంగతి నీకు చెప్పాలి."